జర్మనీ సర్దుకుని వచ్చేస్తున్నా. 600 యూరోలతో చివర్లో ఏమేం చూసి రావచ్చు?

విడవలూరు_చిన్నోడు

అందరికీ నమస్కారం. నేనుండేది కెమ్నిట్జ్. ఎమ్మెస్ అయ్యాక ఇక్కడే చిన్న కంపెనీలో చేరాను. కాంట్రాక్టు మే 31తో అయిపోతుంది. పొడిగించమని అడగలేదు. మాకు రొయ్యల గుంటలున్నాయి, నాన్న ఒక్కడే రాత్రిళ్ళు ఏరియేటర్ల దగ్గర కాపలా ఉండలేకపోతున్నాడు. నాకూ వచ్చేయాలనే ఉంది. వెనక్కి రావడం తప్పా ఒప్పా అనే చర్చ మాత్రం వద్దు, ఇంట్లో చుట్టాలందరూ ఆల్రెడీ చేసేశారు.

మే 31న ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి చెన్నై టికెట్ తీసుకున్నా. రొట్టెల పండగకి నేను నెల్లూరులో ఉండి తీరాలని అమ్మ పట్టు. ఈసారి మొహర్రం జూన్‌లోనే వస్తోంది కదా. మిగిలిన లీవులన్నీ మే నెలకి పెట్టుకున్నాను, అంటే నెల దాదాపు ఖాళీ. ఇన్నేళ్ళుండి నేను చూసిన జర్మనీ ఏందంటే యూనివర్సిటీ, పార్ట్‌టైమ్ చేసిన గోడౌను, సూపర్ మార్కెట్టు. బెర్లిన్ వెళ్ళింది కూడా పాస్‌పోర్ట్ పని మీద. ఎంబసీ గేటు చూసి తిరుగు బస్సెక్కాను.

తిరగడానికి 600 యూరోలు పక్కన పెట్టాను, అంతకు మించి కుదరదు. రెసిడెన్స్ కార్డు గడువు ఆగస్టు దాకా ఉంది. ఎక్కడికెళ్ళాలి, ఏది వదిలేయాలి, బయల్దేరేముందు ఆఫీసు పనులు ఏ వరసలో చేసుకోవాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

పొదిలి_మాస్టారు

బాబూ, చర్చ వద్దన్నావు కాబట్టి చర్చ చేయను. ఒక్క మాట అడుగుతాను. ఎడ్యుకేషన్ లోను తీరిందా? తీరకపోతే 600 యూరోలంటే అరవై వేలకు పైమాటే. మా పిల్లవాడికీ ఇదే చెప్పాను. ఊళ్ళు ఎక్కడికీ పోవు, వడ్డీ మాత్రం నిద్రపోదు.

విడవలూరు_చిన్నోడు

తీరింది మాస్టారూ. మొన్న సంక్రాంతికి ఆఖరి కంతు కట్టేశాను. ఇది నా జీతంలో మిగిలిన సొమ్మే.

పొదిలి_మాస్టారు

అయితే తిరుగు నాయనా. ఫొటోలు పెట్టు.

సింగరాయకొండ_ప్యాసింజర్

మాస్టారు అన్నదాంట్లో ఒకటి సరిచేస్తా. ఊళ్ళు ఎక్కడికీ పోవు నిజమే, వీసా పోతుంది. ఇంటికొచ్చాక ఇవే ఊళ్ళు చూడాలంటే షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా, దాని ఫీజే 90 యూరోలు, దానికి తోడు బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు, రానూపోనూ విమానం. తమ్ముడి జేబులో కార్డు ఉన్నంతవరకు ఆ ఖర్చేమీ లేదు. ఆ కార్డుతో జర్మనీ కాకుండా మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. కాబట్టి చూసేదేదో ఇప్పుడే చూడాలి.

నేను మ్యూనిక్‌లో చాలాకాలంగా ఉంటున్నాను, ఇలా సర్దుకుని వెళ్ళేవాళ్ళని ఏటా చూస్తుంటాను. అందరూ అడిగేది ఎక్కడికెళ్ళాలని. అసలు చిక్కు వరసలో ఉంది. సిటీ ఆఫీసులో అడ్రస్ రద్దు చేయించుకోవడం, అదే ఆబ్‌మెల్డుంగ్, కొంతమంది ముందే చేసేసుకుని, తర్వాత తీరుబడిగా ప్రాగ్, పారిస్ అని బయల్దేరతారు. అది వద్దు. శాశ్వతంగా వెళ్ళిపోతున్నాను అని రాసిచ్చి దేశం దాటితే కార్డు గడువు ఎంతున్నా అది చెల్లకుండా పోతుంది. మళ్ళీ జర్మనీలోకి వచ్చేటప్పుడు చెకింగ్‌లో అడిగితే ఏం చెప్తావు? 2024 సెప్టెంబరు నుంచి అన్ని భూసరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టారు. సాల్జ్‌బుర్గ్ నుంచి వచ్చే రైళ్ళలో పోలీసులు ఎక్కడం నాకు మామూలైపోయింది. అందుకే ముందు దేశం బయట చూసేవన్నీ చూసెయ్, తర్వాత జర్మనీ లోపల, చివరి వారం కాగితాలు.

ఆబ్‌మెల్డుంగ్ ఎలాగూ ఇల్లు వదిలే తేదీకి వారం ముందు నుంచే తీసుకుంటారు, అంతకు ముందు తీసుకోరు. నీ లెక్కకి అది మే 24 తర్వాత. 25 సోమవారం పెంతెకోస్తు సెలవు, ఆఫీసులు మూసి ఉంటాయి. కాబట్టి 26 నుంచి 29 లోపు అపాయింట్‌మెంటు ఇప్పుడే పెట్టుకో. మే 14 గురువారం కూడా సెలవే. ఆ రోజు, ఆ పక్క శుక్రవారం జనమంతా రోడ్ల మీదే ఉంటారు, రైళ్ళలో నిలబడే చోటుండదు.

ఇల్లు ఖాళీ చేస్తానని మూడు నెలల నోటీసు ఇచ్చావా? ఇవ్వకపోతే ముందు ఆ పని చూడు, మిగతావన్నీ తర్వాత.

విడవలూరు_చిన్నోడు

నోటీసు ఫిబ్రవరిలోనే ఇచ్చాను అన్నా. డిపాజిట్ ఎప్పుడిస్తారో మాత్రం ఓనరు తేల్చి చెప్పడం లేదు.

సింగరాయకొండ_ప్యాసింజర్

వెంటనే రాదు. కరెంటు, హీటింగ్ లెక్కలు తేలాక ఇస్తామని కొన్ని నెలలు పట్టుకుంటారు, అది ఇక్కడ మామూలే. తాళాలు ఇచ్చేటప్పుడు గోడలు, మీటర్ రీడింగులు ఫొటో తీసుకుని, అప్పగింత కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టండి. అందుకే బ్యాంకు అకౌంటు మూసేయొద్దు. డిపాజిట్ అందులోకే రావాలి, టాక్స్ రీఫండ్ కూడా. టాక్స్ రిటర్న్ నాలుగేళ్ళ వెనక్కి వెళ్ళి వేసుకోవచ్చు, ఇండియా నుంచి కూడా. పెన్షన్‌కి కట్టింది ఐదేళ్ళ లోపే అయితే, యూరప్ వదిలిన 24 నెలల తర్వాత నీ వాటా వెనక్కి ఇమ్మని అప్లై చేసుకోవచ్చు. ఆ పెన్షన్ నంబరున్న కాగితం సూట్‌కేసులో కాదు, పాస్‌పోర్టుతో పాటు పెట్టుకో.

రేడియో, టీవీ ఫీజు నెలకి 18.36 ఉంది చూడు, అది తనంతట తాను ఆగదు. ఆబ్‌మెల్డుంగ్ కాగితం జతచేసి ఆపమని రాయాలి. ఇంటర్నెట్ వాళ్ళకీ అంతే. బ్యాంకు యాప్ ఏ ఫోన్‌లో ఉందో ఆ ఫోన్ మార్చకు. ఇండియా వెళ్ళగానే కొత్త ఫోన్ కొని పాతది తమ్ముడికిచ్చేసి, ఓటీపీల కోసం ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు.

ఒంగోలు_గిత్త

ఆగండాగండి. విడవలూరు మండలం అంటే అలగానిపాడు మీ పక్కనే కదా? పుచ్చలపల్లి సుందరయ్య గారి ఊరు. ఆ ఊరి పక్కన పుట్టి, పోయి పోయి చదివింది కెమ్నిట్జ్‌లో! 1953 నుంచి 1990 దాకా ఆ ఊరి పేరే కార్ల్ మార్క్స్ నగరం. అక్కడ మార్క్స్ తలకాయ విగ్రహం ఉంటుందంట, ఇల్లంత.

విడవలూరు_చిన్నోడు

ఉంది అన్నా, రోజూ దాని ముందే ట్రామ్ దిగేవాణ్ణి. ఉత్త తలే, ఏడు మీటర్లు, కింద దిమ్మె కలుపుకుంటే పదమూడు. మా తాత పాత పార్టీ మనిషి, ఆ ఫొటో పంపితే ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు. నా గ్రాడ్యుయేషన్ ఫొటో మాత్రం బీరువాలో ఉంది.

ఒంగోలు_గిత్త

😂 తాతకి నా దండాలు. నాదొక చిన్న పని. ఎక్కడైనా నల్లటి రాయి మీద బంగారు చుక్కలు మెరిసే గ్రానైట్ కనిపిస్తే ఫొటో తియ్యి. బ్లాక్ గెలాక్సీ అది, మా చీమకుర్తి రాయి. హోటల్ రిసెప్షన్ బల్లలు, బ్యాంకుల మెట్లు చూడు. నేను క్వారీ లెక్కలు రాసేవాణ్ణి, కంటెయినర్లు ఎక్కించడమే చూశాను గానీ అవి పోయి ఎక్కడ కూర్చున్నాయో చూడలేదు.

కలిగిరి_కార్తీక్

మ్యాటర్‌లోకి రండి 🙏 నాది కూడా సెప్టెంబర్‌లో రిటర్న్. ట్రైన్ టికెట్ సంగతి చెప్పండి.

సింగరాయకొండ_ప్యాసింజర్

డాయిచ్‌లాండ్ టికెట్ తప్ప ఇంకేదీ ఆలోచించొద్దు. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58, 2026 జనవరి నుంచి 63. దేశమంతా లోకల్ రైళ్ళు, రీజనల్ రైళ్ళు, మెట్రో, ట్రామ్, సిటీ బస్సు ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ లాంటి దూరం రైళ్ళు ఎక్కకూడదు, పట్టుకుంటే ఫైన్. ఇది చందా, నెల నెలా తనే రెన్యూ అవుతుంది. మే నెలతో ఆపాలంటే మే 10 లోపు క్యాన్సిల్ కొట్టాలి. 11న గుర్తొస్తే జూన్‌కి కూడా 63 కట్టి, నెల్లూరులో కూర్చుని టికెట్ చూసుకోవాల్సిందే.

కొన్ని చోట్ల సరిహద్దు కూడా దాటిస్తుంది. సాల్జ్‌బుర్గ్ మెయిన్ స్టేషన్ దాకా ఈ టికెట్టే చెల్లుతుంది. మ్యూనిక్ నుంచి రీజనల్‌లో సుమారు రెండు గంటలు. మొజార్ట్ పుట్టిన ఊరు, నడిచి చూసేంత చిన్నది. లోపలికి టికెట్ పెట్టే మ్యూజియంలు వదిలేసినా పాత ఊరు, నది గట్టు, కొండమీద కోట కిందనుంచి చూసినా చాలు. దారిలో ఫ్రైలాసింగ్‌లో మారితే బెర్ఖ్టెస్‌గాడెన్, అక్కణ్ణుంచి బస్సులో క్యోనిగ్‌సే చెరువు. పడవ ఖరీదెక్కువ. పడవ ఎక్కకుండా గట్టు వెంట మాలర్‌వింకెల్ అనే మలుపు దాకా నడువు, పైసా ఖర్చు లేదు, పడవలో వాళ్ళు చూసే కొండలే కనపడతాయి.

ఇంకొక రోజు ఫ్యుసెన్. నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట అక్కడే. రెండో లుడ్విగ్ రాజు 1869లో మొదలుపెట్టి పూర్తి కాకుండానే పోయాడు, 1886లోనే జనానికి తెరిచేశారు. 2025లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. నా సలహా, లోపలికి పోవద్దు. గుంపుని అరగంటలో తోలేసినట్టు తిప్పి బయటికి పంపుతారు. కోట అందం బయటనుంచే. వెనకున్న మారియెన్ వంతెన మీద నిలబడి చూడు, దానికి టికెట్ లేదు.

మూలాపేట_శ్రీవల్లి

నేను ఒప్పుకోను. అంత దూరం పోయి లోపల చూడకుండా రావడమేంది? సింహాసనం గది ఎంత బాగుంటుందో. జీవితంలో ఒక్కసారి.

సింగరాయకొండ_ప్యాసింజర్

అమ్మా, ఆ గదిలో సింహాసనమే లేదు, పెట్టకముందే రాజు పోయాడు. 600లో ఇరవై చిల్లర అక్కడ పెట్టాలా అన్నదే లెక్క. డబ్బుంటే నేనూ చూడమనే అంటాను.

ఉదయగిరి_రజియా

తమ్ముడూ, నాది జర్మనీ కాదు, కువైట్. మీ ప్లానులకి పనికిరాదేమో, అయినా రాస్తున్నా.

ఖాదామా వీసా మీద పోయినదాన్ని. ఇంటిపని, వంట, ముసలామె సేవ. కువైట్‌లో ఉన్నానన్న మాటే గానీ వంటింటి కిటికీలోంచి కనిపించే ఎదురింటి ప్రహరీనే నా కువైట్. వచ్చేసే ముందు నెలలో మామా, అంటే మేడమ్, శుక్రవారాలు సాయంత్రం బయటికి పోనిచ్చింది. నేను, పక్కింట్లో చేసే రాయచోటి ఆవిడ, ఇద్దరం సిటీ బస్సెక్కి ముబారకియా బజారుకి పోయాం. ఖర్జూరాల అంగళ్ళు వరసగా ఉంటాయి. ఒక్కో రకం ఒక్కో తట్టలో, పైన చిన్న పళ్ళెంలో ముక్కలు. రుచి చూడమని వాళ్ళే పిలుస్తారు. మేము కొనకపోయినా ఏమనలేదు. ఒక ముసలాయన మా ఇద్దరికీ చెరో గ్లాసు టీ పోయించాడు. ఇంకో శుక్రవారం సముద్రం రోడ్డు. కువైట్ టవర్స్ కింద గట్టు మీద కూర్చున్నాం. 1979లో తెరిచారంట వాటిని, పెద్దది 187 మీటర్లు. పైకెక్కే టికెట్ కొనలేదు. ఆ డబ్బుతో మా పాపకి చెప్పులు కొన్నాను.

మీరు దేశాలు తిరుగుతారు, మంచిదే. మీరున్న ఊరు కూడా ఒకసారి చూడండి. పనికి పోయే దారి కాకుండా వేరే దారిలో నడిచి చూడండి.

విడవలూరు_చిన్నోడు

థాంక్స్ అక్కా. నిజంగానే కెమ్నిట్జ్ 2025లో యూరప్ సాంస్కృతిక రాజధాని. ఏడాదంతా కార్యక్రమాలు జరిగితే నేను ఒక్కటీ చూడలేదు, షిఫ్టులు అలా ఉన్నాయి. మొదటి రెండు రోజులు ఊళ్ళోనే పెట్టుకుంటాను.

కనిగిరి_రాజు

రజియమ్మా, బాగా రాశారు. 🙏

నేను సింగపూర్‌లో వర్క్ పర్మిట్ మీద చేసి వచ్చాను. మావాళ్ళెవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం: సింగపూర్ నుంచి మలేసియాకి బస్సులో పోవచ్చు. మన పాస్‌పోర్టుకి 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, 2023 డిసెంబరులో పెట్టారు, 2026 చివరిదాకా పొడిగించారు. ముందుగా ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. మలక్కా నాలుగైదు గంటలు, బోర్డర్‌లో రద్దీని బట్టి. కౌలాలంపూర్‌లో బాతు గుహలు, సుబ్రహ్మణ్యస్వామి బంగారు విగ్రహం 42.7 మీటర్లు, 272 మెట్లు. లోకల్ రైలు దాని ముందే ఆగుతుంది. ఇడ్లీ కూడా దొరుకుతుంది. పర్మిట్ క్యాన్సిల్ చేసేముందే పోయి రండి. ఆ విషయంలో సింగరాయకొండ అన్న చెప్పిన వరస అన్ని దేశాలకీ వర్తిస్తుంది.

కలిగిరి_కార్తీక్

స్విట్జర్లాండ్ గురించి ఎవరూ మాట్లాడటం లేదేంటి? ఇంటికెళ్తే ఫస్ట్ అడిగేది అదే. స్విస్ చూడలేదా అంటారు.

సింగరాయకొండ_ప్యాసింజర్

అడిగేవాళ్ళు డబ్బులిస్తారా? అక్కడ మంచినీళ్ళు తప్ప అన్నీ ఖరీదే. ఖచ్చితంగా చూడాలంటే ఒక దారుంది. రోజంతా రైళ్ళు ఎక్కే సేవర్ డే పాస్, చాలా ముందు కొంటే 52 ఫ్రాంకుల నుంచి దొరుకుతుంది. తిండి కట్టుకుని, తెల్లారి దాటి రాత్రికి వెనక్కి రావాలి, అక్కడ పడుకోకూడదు. అదీ వద్దంటే కాన్‌స్టాంజ్ దాకా మన టికెట్ మీద పోయి, ఊరి చివర సరిహద్దు నడిచి దాటితే క్రొయిట్స్‌లింగెన్. స్విస్ నేల మీద కాలు పెట్టినట్టే, ఎవరన్నా అడిగితే ఆ ఫొటో చూపించు.

నన్నడిగితే నీకు దగ్గరున్న వాటినే ముందు చూడు. కెమ్నిట్జ్ నుంచి డ్రెస్డెన్ గంట. అక్కణ్ణుంచి ఎస్1 అనే లోకల్ రైల్లో పోయి రాథెన్‌లో దిగు. స్టేషన్ దగ్గర ఎల్బే నది దాటాలి. ఆ బల్లకట్టుకి ఇంజను లేదు. పైన ఎక్కడో నది మధ్య లంగరేసిన పొడుగాటి తీగకి కట్టి ఉంటుంది. నడిపేవాడు బల్లకట్టుని కాస్త ఏటవాలుగా తిప్పుతాడు, ప్రవాహమే దాన్ని అవతలి గట్టుకి నెట్టుకుపోతుంది. మోటారు శబ్దం లేదు, నీళ్ళ చప్పుడొకటే. దిగి కొండెక్కితే బాస్తై వంతెన. రాతి స్తంభాల మధ్య 1851లో రాయితో కట్టారు. వంతెనకి టికెట్ లేదు. జర్మనీలో నేను చూసినవాటిలో మొదటి స్థానం దానికే ఇస్తాను, కోటలకి కాదు.

విడవలూరు_చిన్నోడు

అన్నా, బల్లకట్టు మాట చెప్పగానే డిసైడ్ అయిపోయా. ప్రాగ్ కూడా అటే కదా?

సింగరాయకొండ_ప్యాసింజర్

డ్రెస్డెన్ నుంచి బస్సులో రెండు గంటల పైన. వారం మధ్యలో ముందుగా కొంటే బాగా చవగ్గా వస్తుంది. చెక్ వాళ్ళది యూరో కాదు, కొరూనా. వీధిలో మార్చేవాళ్ళ దగ్గర మార్చకు, కార్డు గీకు. మెషిన్ యూరోల్లో కట్టమంటావా అని అడిగితే వద్దను, కొరూనాలోనే కట్టు. చార్లెస్ వంతెన 1357లో మొదలుపెట్టారు. పగలు అక్కడ అడుగు తీసి అడుగెయ్యలేవు, తెల్లవారుజామున ఐదింటికి వెళ్ళు. మేలో అప్పటికే వెలుగొస్తుంది. పాస్‌పోర్టు, కార్డు ఒరిజినల్స్ జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫొటోలు చూపిస్తే కుదరదు.

దర్శి_విమానం

600లో బల్గేరియా, రొమేనియా కూడా పోవచ్చు. 2025 జనవరి 1 నుంచి రెండూ పూర్తిగా షెంగెన్‌లో ఉన్నాయి, నీ కార్డు చాలు. సోఫియాలో తిండి, గది జర్మనీ రేట్లకి చాలా తక్కువ. చవక విమానాల్లో పోయేవాళ్ళు బ్యాగ్ కొలత చూసుకోవాలి. సీటు కింద పట్టే బ్యాగ్ ఒక్కటే ఫ్రీ. గేటు దగ్గర ఇనప పెట్టెలో పెట్టి చూస్తారు. మా రూమ్మేట్‌ది చక్రాలు బయటికొచ్చాయని వసూలు చేసిన ఫీజు వాడి టికెట్ రేటుకంటే ఎక్కువ. ఇంకోటి, మన పాస్‌పోర్టు వాళ్ళు కొన్ని ఎయిర్‌లైన్స్‌లో కౌంటర్ దగ్గర డాక్యుమెంట్ చెకింగ్ చేయించుకోవాలి. యాప్‌లో పాస్ వచ్చింది కదా అని నేరుగా గేటుకి పోతే వెనక్కి పంపుతారు.

విడవలూరు_చిన్నోడు

విమానం వద్దులే అన్నా. వంద యూరోలు దానికే పోతాయి, టెన్షన్ వేరే. రైలు, బస్సు చాలు.

మూలాపేట_శ్రీవల్లి

అబ్బయ్యా, గుళ్ళేమీ లేవా నీ ప్లానులో? మీ అమ్మ అడగదా? హామ్ అనే ఊళ్ళో కామాక్షి అమ్మవారి గుడి ఉంది. 2002లో కుంభాభిషేకం అయింది, శ్రీలంక తమిళులు కట్టుకున్నారు. పూర్తి దక్షిణాది గోపురం. మా అమ్మాయి డార్ట్‌మండ్‌లో ఉన్నప్పుడు నేను వెళ్ళాను. పొలాలు, ఫ్యాక్టరీ గోడౌన్ల మధ్య ఒక్కసారిగా గోపురం కనిపిస్తే కళ్ళు చెమర్చాయి. మే, జూన్ రోజుల్లోనే తేరు ఉత్సవం చేస్తారు, తేదీ కనుక్కుని వెళ్ళు.

సింగరాయకొండ_ప్యాసింజర్

గుడి మంచిదే. కానీ కెమ్నిట్జ్ నుంచి అటు రీజనల్ రైళ్ళలో పోతే పగలంతా పోతుంది. రాత్రి బస్సులో కొలోన్ దిగు, ఒక రాత్రి గది ఖర్చు కూడా మిగులుతుంది. స్టేషన్ బయటికి రాగానే కేథడ్రల్, 157 మీటర్లు. 1248లో మొదలుపెట్టి 1880లో ముగించారు, మన ప్రాజెక్టులే నయం. కొలోన్ నుంచి ఆర్ఈ1 అనే రీజనల్ రైలు నేరుగా హామ్ పోతుంది, ఊళ్ళోంచి గుడికి సిటీ బస్సు. ఈ రెండూ అదే టికెట్ మీద.

ఓపికుంటే అటునుంచి హాంబుర్గ్. అక్కడ హార్బర్ చూడ్డానికి టూరిస్టు పడవలకి డబ్బు పొయ్యొద్దు. 62 నంబరు ఫెర్రీ సిటీ బస్సు కిందే లెక్క, మన టికెట్ చెల్లుతుంది. పెద్ద పెద్ద కంటెయినర్ ఓడల పక్కనుంచి పోతుంది.

ఒంగోలు_గిత్త

కంటెయినర్లు కనిపిస్తే మా రాళ్ళని అడిగానని చెప్పు.

కావలి_వంటిల్లు

తిండి సంగతి ఎవరూ రాయలేదు, మగవాళ్ళ చర్చ ఇలాగే ఉంటుంది. నేను మా ఆయనతో స్టుట్‌గార్ట్‌లో ఉండి వచ్చాను. హాస్టల్ బుక్ చేసేటప్పుడు వంటగది ఉందా లేదా చూడు, రెండు యూరోలు ఎక్కువైనా అదే తీసుకో. అన్నం ఒకటి వండుకుంటే గోంగూర పచ్చడి, కందిపొడితో పూట గడిచిపోతుంది. చింతపండు పులిహోర రెండో రోజుకి కూడా పాడవదు, రైల్లో తినొచ్చు. పచ్చడి సీసా మూతకి ప్లాస్టిక్ చుట్టి రబ్బరు బ్యాండ్ వెయ్యి. డార్మెటరీలో నూనె కారితే ఆ వాసనకి పక్క మంచం వాళ్ళు గది మార్చమంటారు 😄

ఆదివారం అంగళ్ళన్నీ బంద్, శనివారమే కొనిపెట్టుకో. నీళ్ళ సీసా కొనొద్దు, కుళాయి నీళ్ళు తాగొచ్చు. రూమ్‌లో పోగైన ప్లాస్టిక్ సీసాలుంటే మెషిన్‌లో వెయ్యి, ఒక్కోదానికి 25 సెంట్లు. బయల్దేరేముందు మూలల్లోంచి తీస్తే మాకు రెండు పూటల భోజనం వచ్చింది.

విడవలూరు_చిన్నోడు

మా కిచెన్ బాల్కనీ నిండా ఉన్నాయి అక్కా. ఇవాళే లెక్కపెడతాను.

తిండి అంటే గుర్తొచ్చింది. నిన్న సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో వనామీ రొయ్యల ప్యాకెట్ తిప్పి చూశా. పెంచిన దేశం వియత్నాం అని ఉంది, పక్కదాని మీద ఈక్వడార్. ఇంకో షాపులో ఇండియా దొరికింది. తల తీసి, వలిచి, నరం తీసి, ఐస్ పూత వేసి, చిన్న ప్యాకెట్. రేటు ఫొటో తీసి నాన్నకి పంపితే ఫోన్ చేసి, గుంట దగ్గర మనకి ఎంతిస్తున్నారో చెప్పి పెట్టేశాడు. తిరుగుళ్ళలో ప్రతి ఊళ్ళోనూ ఫ్రీజర్లు చూడాలనుకుంటున్నా. ఏ సైజు, ఎలా ప్యాక్ చేస్తున్నారు, వెనక ఏ సర్టిఫికెట్ ముద్ర ఉంది అన్నీ రాసుకుంటా.

పొదిలి_మాస్టారు

ఇది నాకు నచ్చింది. దీనికి 600 కాదు, 700 పెట్టినా తప్పులేదు.

దర్శి_విమానం

లగేజీ గురించి. చాక్లెట్లు కిలోల లెక్కన కొనకు. జూన్ మొదట్లో చెన్నైలో దిగుతున్నావు, రోహిణి కార్తె ఎండ. గూడూరు చేరేలోపు అన్నీ పానకం. వేలాడదీసే చిన్న తూకం ఒకటి కొను, ఎయిర్‌పోర్టులో సూట్‌కేస్ విప్పి చొక్కాలు బయటికి తీసే బాధ తప్పుతుంది. ఏడాది పైన బయట ఉన్నవాళ్ళకి నగలు మగవాళ్ళకి 20 గ్రాములు, ఆడవాళ్ళకి 40 గ్రాముల దాకా సుంకం లేదు. నగలకే అది, బిస్కెట్లకి కాదు. ఇప్పుడున్న ధరకి 600 యూరోల వాడికి ఈ పేరా అనవసరం అనుకో.

విడవలూరు_చిన్నోడు

అందరివీ చదివి ఇలా వేసుకున్నాను, తప్పులుంటే చెప్పండి.

మే మొదట్లో కెమ్నిట్జ్, డ్రెస్డెన్, బాస్తై. రోజూ రూమ్‌కే తిరిగొస్తా కాబట్టి గది ఖర్చు లేదు. తర్వాత ప్రాగ్, రెండు రాత్రులు. 10వ తేదీ లోపు టికెట్ క్యాన్సిల్, అలారం పెట్టేశాను. 14 సెలవు గుంపు అయ్యాక హోఫ్, రేగెన్స్‌బుర్గ్ మీదుగా మ్యూనిక్. అక్కడ ఒకటే హాస్టల్‌లో ఉండి ఫ్యుసెన్, సాల్జ్‌బుర్గ్, క్యోనిగ్‌సే పోయి రావడం. తర్వాత రాత్రి బస్సులో కొలోన్, హామ్ గుడి, తిరిగి ఇంటికి. హాంబుర్గ్, స్విస్ వదిలేశాను. 26న ఆబ్‌మెల్డుంగ్ అపాయింట్‌మెంటు దొరికింది.

టికెట్ 63, హాస్టళ్ళకి 300 లోపు, బస్సులకి వంద, మిగిలింది తిండికి. మే 31న రీజనల్ రైళ్ళలోనే ఫ్రాంక్‌ఫర్ట్ పోదామనుకుంటున్నా, ఎలాగూ టికెట్ ఉంది.

సింగరాయకొండ_ప్యాసింజర్

ప్లాన్ బాగుంది, ఆఖరి లైన్ తప్ప. రెండు 23 కిలోల సూట్‌కేసులతో నాలుగు చోట్ల రైలు మారతావా? ఒక్కటి లేటైతే అన్నీ పోతాయి, లేటవడం ఇక్కడ రోజూ ఉండేదే. లిఫ్ట్ పని చేయని స్టేషన్ ఒకటి తప్పకుండా తగులుతుంది. ఎయిర్‌పోర్టుకి నేరుగా పోయే బస్సు చూడు, లేదా లైప్‌జిగ్ నుంచి ఐసీఈ ముందుగా చవక రేటులో కొను. ముప్పై, నలభై యూరోలు దీనికి ఉంచు. అవసరమైతే ప్రాగ్‌లో ఒక రాత్రి తగ్గించుకో. విమానానికి కనీసం నాలుగు గంటల ముందు అక్కడుండేలా చూసుకో.

మూలాపేట_శ్రీవల్లి

రొట్టెల పండగలో మీ అమ్మ నీకోసం విదేశీ రొట్టె పట్టుకునే పంపి ఉంటుంది. ఈసారి స్వర్ణాల చెరువులో నీ చేత పెళ్ళి రొట్టె పట్టిస్తుంది చూడు.

విడవలూరు_చిన్నోడు

ఆ మాట ఆల్రెడీ వచ్చింది ఆంటీ 🤐

సింగరాయకొండ అన్నా, సరే, లైప్‌జిగ్ నుంచి ఐసీఈ తీసుకుంటా. ఇంకొక్కటి. చెన్నైలో అర్ధరాత్రి దాటాక దిగుతాను. నెల్లూరుకి అప్పటికప్పుడు కారు మాట్లాడాలా, తెల్లారేదాకా ఆగాలా? నాన్న వస్తానంటున్నాడు, గుంట వదిలి రావద్దన్నాను.

కనిగిరి_రాజు

నువ్వొక్కడివే కాబట్టి కారు దండగ. ఎయిర్‌పోర్టులోనే కూర్చో. తెల్లవారుజామున మెట్రో మొదలవగానే సెంట్రల్‌కి నేరుగా పోవచ్చు, అక్కణ్ణుంచి పొద్దున జనశతాబ్ది నెల్లూరులో ఆగుతుంది. జూన్ 1 సోమవారం కదా, ఉంటుంది, మంగళవారమే ఉండదు. రిజర్వేషన్ ఇప్పుడే చేయించు. దొరక్కపోతే మాధవరం బస్టాండ్ నుంచి నెల్లూరు బస్సులు వరసగా ఉంటాయి, కానీ పెట్టెలతో అది కాస్త ఇబ్బంది. నెల్లూరులో దిగాక విడవలూరు ఆటోవాడు పెట్టెలు చూసి రేటు పెంచుతాడు. మీ ఊరివాడిని ఎవరినైనా ముందే చెప్పి ఉంచు.